కణముల పట్టు



ఖర్కాయి నది కీవల ఆదిత్యపూర్ కర్మాగారములలో అతుకుపని ఎరుగనివారు అరుదు. ఏ చోట వెల్డింగు తగునో, ఏ చోట బోల్టు చాలునో పనివాడు చూచినంతనే చెప్పును. జీవకణములకును ఇట్టి నేర్పు కలదు. కణపు పైపొరయందు నిలిచిన కొన్ని మాంసకృత్తులు ఒక కణమును మరియొక దానితో పట్టియుంచును.

1907లో హెచ్. వి. విల్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు స్పంజి అను జలజీవిని సన్నని పట్టుగుడ్డ గుండ పిండి కణములను విడదీసెను. ఆశ్చర్యమేమనగా, ఆ కణములు తిరిగి చేరుకొని మరల స్పంజిగా రూపొందెను!

క్యాడ్‌హెరినులు ఇరుగుపొరుగు కణములను కలిపి కుట్టును. ఇంటిగ్రినులు కణమును దాని చుట్టునున్న పోగులకు బిగించును. సెలెక్టినులు గట్టిగా పట్టవు. ప్రవాహమున పోవు తెల్లకణమును రక్తనాళపు గోడపై దొర్లించి వేగము తగ్గించును.

పట్టు చాలకున్న కీడే. పట్టరాని చోట పట్టినను కీడే. ఝార్ఖండు ఆదివాసులలోను, తెలుగునాట పాడేరు మన్యములోను కానవచ్చు సికిల్ సెల్ వ్యాధి రెండవదానికి సాక్ష్యము. హిమోగ్లోబినులో గ్లుటామిక్ ఆమ్లమునకు మారుగా వేలీను చేరును. అంతమాత్రమున ఎర్రకణము కొడవలివలె వంగును. ఆ వంపే నాళములను మూయునని చాలకాలము తలచిరి. 1980లో హెబ్బెల్ ప్రభృతులు ఈ కణములు నాళపు లోపొరకు అధికముగా అంటుకొనుననియు, అంటు హెచ్చిన కొలది వ్యాధి తీవ్రమగుననియు చూపిరి. రోగి ఎముకలలో భరింపరాని నొప్పికి ఈ అంటుకొనుటయు ఒక కారణము.

పి-సెలెక్టినును అడ్డగించు క్రిజాన్‌లిజుమాబ్ అను మందునకు 2019లో అమెరికా అనుమతి నొసగెను. పిదప జరిగిన పరీక్షలో మేలు రుజువు కానందున 2023లో ఐరోపా తన అనుమతిని రద్దుచేసెను. ఒక్క పట్టు విడిపించినంత మాత్రమున వదలునంతటి వ్యాధి కాదిది. పాత మందైన హైడ్రాక్సీయూరియాయే నేటికిని పెక్కుమందికి ఆధారము. అది శిశు హిమోగ్లోబినును పెంచి, అంటును కూడ తగ్గించును.

2023 జులై 1న భారత ప్రభుత్వము ఈ వ్యాధి నిర్మూలనోద్యమమును ప్రారంభించినది. దంపతులిరువురును వాహకులైనచో ప్రతి కాన్పునను బిడ్డకు వ్యాధి సోకు అవకాశము నాలుగింట నొకటి. పెండ్లికి ముందు జాతకములు పరిశీలించుటకు దినములు పట్టును. ఈ పరీక్షకు వ్రేలికొననుండి తీసిన రక్తపు బొట్టు చాలును.