జ్వరం దిగిన తర్వాత: పర్హేజ్ ఎంత? గిజా ఎంత?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వైరల్ జ్వరం నుండి కోలుకునేటప్పుడు ఏమి తినాలి, ఏమి తినకూడదు అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను డాక్టరును కాను, హకీమును కాను. ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునే మాస్టరును. అయితే ఏటా వానాకాలం వెనకపట్టు పట్టే రోజుల్లో మా హాజరు పట్టీ నిండా సున్నాలే ఉంటాయి. వారం పది రోజులకు పిల్లలు తిరిగి వస్తారు. జ్వరం పోయి ఉంటుంది గాని, రెండో పీరియడుకే బెంచీ మీద తల వాల్చేస్తారు. ఏం తింటున్నావురా అని అడిగితే "టీ, బ్రెడ్డు సార్" అంటారు. ఎన్నాళ్ళ నుంచి అంటే, జ్వరం వచ్చిన రోజు నుంచి! ఈ జవాబు ఏ ఒక్క ఇంటిదో కాదు. అందుకే ఈ విషయం చెప్పడానికి ఒప్పుకున్నాను.

మాస్టరును కనుక ముందు మాటల అర్థం చూద్దాం. తెలుగులో పథ్యం అంటాం. ఉర్దూలో పర్హేజ్ అంటాం. పథ్యం సంస్కృతపు మాట. ఒంటికి హితమైనది అని దాని అర్థం. అనగా తినవలసినదన్న మాట. పర్హేజ్ ఫారసీ మాట. దూరంగా ఉండటం, మానుకోవడం అని అర్థం. రెండూ ఒకే వాడలో ఏళ్ళ తరబడి కాపురం చేసేసరికి, పథ్యం కూడా పర్హేజ్ అయి కూర్చున్నది. "పథ్యంలో ఉన్నాడు" అంటే తిండి మానేశాడని అర్థం చేసుకుంటున్నాం. వైద్యంలో దవా, గిజా, పర్హేజ్ మూడూ ఉన్నాయి. మందు, ఆహారం, మానుకోవలసినవి. మనవాళ్ళు దవా కోసం అప్పయినా చేస్తారు, పర్హేజ్ నిష్ఠగా పాటిస్తారు, మధ్యనున్న గిజాను మాత్రం మరచిపోతారు. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా దాని వివరణ.

"లంఖణం పరమౌషధం" అనే సామెత అందరికీ తెలిసిందే. జ్వరం మంచి ఊపు మీద ఉన్నప్పుడు ఒకటి రెండు రోజులు ఆకలి ఉండదు, నోరు చేదుగా ఉంటుంది. అప్పుడు బలవంతంగా కుక్కనక్కర లేదు. కాని అదే లంఖణాన్ని వారం పది రోజులు సాగదీస్తే అది ఔషధం కాదు, రెండో జబ్బు. ఎందుకంటే జ్వరంలో ఒళ్ళు మామూలుకన్న ఎక్కువ ఇంధనం కాలుస్తుంది. ఒంటి వేడి ఒక డిగ్రీ ఫారన్‌హీట్ పెరిగితే ఆ ఖర్చు సుమారు 7 శాతం పెరుగుతుందని లెక్క. అంటే 102 డిగ్రీల జ్వరంలో దాదాపు నాలుగో వంతు అదనపు ఖర్చు. ఖర్చు పెరిగి రాబడి ఆగిపోతే సంసారం ఏమవుతుంది? దాచుకున్నది కరుగుతుంది. ఒంట్లో కరిగేది కొవ్వు ఒక్కటే కాదు, కండ కూడా కరుగుతుంది. జ్వరం పోయాక కాళ్ళు పీకడం, మెట్లెక్కితే ఆయాసం రావడం, ఇదంతా జబ్బు చేసిన పనే కాదు, పస్తు చేసిన పని కూడా.

ఒకప్పుడు ఐరోపాలోనూ జ్వర రోగిని మాడ్చేవారు. 19వ శతాబ్దంలో డబ్లిన్ నగరంలో రాబర్ట్ గ్రేవ్స్ అనే వైద్యుడు ఆ పద్ధతి తప్పని వాదించి, తన జ్వర రోగులకు ఆహారం పెట్టించాడు. తాను చేసిన పనులన్నింటిలో దీన్నే తన సమాధి మీద రాయించుకోదగ్గదిగా ఆయన భావించాడని చెబుతారు.

ఇక వైరల్ జ్వరమంటే ఒక్క జబ్బు కాదు. ఫ్లూ ఉన్నది, డెంగీ ఉన్నది, చికున్‌గున్యా ఉన్నది. వీటిలో చాలావాటికి వైరస్‌ను చంపే ప్రత్యేకమైన మందు లేదు. యాంటీబయాటిక్ బిళ్ళలు వైరస్ మీద పనిచేయవు. పోరాడేది మన ఒళ్ళే. పోరాడేవాడికి నీళ్ళు, అన్నం అందించడమే ఇంటివాళ్ళు చేయగల పెద్ద వైద్యం.

మొదటిది నీరు. జ్వరం ఉన్నన్నాళ్ళూ గంట గంటకూ కొద్ది కొద్దిగా తాగించాలి. కాచి చల్లార్చిన నీళ్ళు, ఉప్పు వేసిన గంజి, పల్చటి మజ్జిగ, కొబ్బరినీళ్ళు, బార్లీ నీళ్ళు, పప్పు కట్టు, ఏదైనా సరే. వాంతులు, విరేచనాలు ఉంటే ఓఆర్ఎస్ పొట్లం తప్పనిసరి. పొట్లం మీద ఎన్ని నీళ్ళని రాసి ఉంటే అన్ని నీళ్ళలోనే కలపాలి. పొట్లం దొరకని వేళ ఒక లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. టీ చెంచాతో, తలకొట్టి కొలవాలి. ఇది చిన్న విషయమని అనుకోవద్దు. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో కలరా వచ్చి సెలైన్ అయిపోయినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ఉప్పు, చక్కెర నీళ్ళనే తాగించి వేల ప్రాణాలు నిలిపాడు. నీరు చాలుతున్నదా లేదా అనేదానికి గుర్తు మూత్రం. నాలుగైదు గంటలకొకసారి లేత రంగులో వస్తుంటే చాలుతున్నట్టే. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం ఎంత తాగాలో డాక్టరును అడిగి తాగాలి.

ఇక్కడ సీసా సంగతి చెప్పాలి. "నీరసంగా ఉంది, ఒక గ్లూకోజ్ ఎక్కించండి" అని మనమే వెళ్ళి అడుగుతాం. అర లీటరు గ్లూకోజ్ సీసాలో మామూలుగా ఉండేది 25 గ్రాముల గ్లూకోజ్. అది ఇచ్చే శక్తి 100 కాలరీలకు మించదు. రెండు ఇడ్లీలు అంతకు తీసిపోవు. పైగా ఇడ్లీలో మినప్పప్పు ఉంది, సీసాలో లేదు. డెంగీ ముదిరినప్పుడు, రోగి ఏమీ తాగలేనప్పుడు డాక్టరు లెక్క కట్టి ఎక్కించే సెలైన్ ప్రాణం నిలుపుతుంది, అది వేరు. నీరసానికని మనం అడిగి ఎక్కించుకునేది డబ్బు దండగ. డెంగీలో అతిగా ఎక్కిస్తే ప్రమాదం కూడా.

రెండోది మెత్తని అన్నం. ఆకలి కాస్త కనబడగానే మూడు పూటలని చూడకుండా, ఆరుసార్లు కొంచెం కొంచెంగా పెట్టండి. జావ, ఇడ్లీ, మెత్తగా ఉడికించిన పెసరపప్పు ఖిచిడీ, పెరుగన్నం, అరటిపండు. పెరుగు జలుబు చేస్తుందని, అరటిపండు కఫమని, గుడ్డు వేడని, ఇలా ఒక్కొక్కటే తీసేస్తూ పోతే కంచంలో చివరికి మిగిలేది బ్రెడ్డే. వేడి, చలువ, గరం, ఠండా అనే లెక్కలు పెద్దల నుంచి వచ్చినవి, నేను వారిని ఎగతాళి చేయను. ఒకటి పడకపోతే మానండి, కాని దాని బదులు ఇంకొకటి పెట్టండి. తీసివేత ఒక్కటే నేర్చుకుంటే ఎలాగండీ, కూడిక కూడా రావాలి కదా!

మూడోది కండ పట్టే ఆహారం. జ్వరం దిగి, కడుపు నెమ్మదించాక రోజూ ఇది ఉండవలె. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. గుప్పెడు పప్పులోనూ దాదాపు అంతే. పాలు, పెరుగు, ఉడికించిన శనగలు, వేరుశనగలు ఉన్నాయి. మాంసం తినేవారికి కారం, నూనె తగ్గించిన యఖ్నీ, షోర్వా మంచివే. కాని ఉత్త షోర్వా తాగించి ముక్కలు ఇతరులు తినేస్తే రోగికి దక్కేది ఉప్పునీళ్ళూ వాసనా మాత్రమే. బలం ముక్కలోనే ఉన్నది. మెత్తగా ఉడికించి అదీ పెట్టండి.

ఈ సందర్భంలో చికున్‌గున్యా మాట. 2005, 2006 సంవత్సరాలలో ఆ జ్వరం మన ప్రాంతాలను కుదిపేసినప్పుడు, పేరు విని కోడిమాంసం మానేసిన వారున్నారు. దానికీ కోడికీ సంబంధం లేదు. ఆఫ్రికాలోని టాంజానియాలో మకొండే అనే భాషలో మాట అది. కీళ్ళ నొప్పులతో మనిషి వంగిపోవడాన్ని సూచిస్తుంది. తెచ్చేది దోమ.

నాలుగోది పండు. రోగిని చూడబోయేవారు కివీలు, డ్రాగన్ పండ్లు కొనుక్కుపోతున్నారు. ప్లేట్‌లెట్లు పెరుగుతాయని నమ్మకం. అవి మంచి పండ్లే. కాని విటమిన్ సి కోసమైతే మన జామపండు కమలాపండుకన్న ఎన్నో రెట్లు మిన్న. ఉసిరికాయ ఉన్నది, బొప్పాయి పండు ఉన్నది. ప్లేట్‌లెట్లు ఏ పండుకోసమూ ఆగవు. జబ్బు తగ్గే కొద్దీ వాటంతట అవే పెరుగుతాయి. బొప్పాయి ఆకు రసాన్ని నమ్ముకుని ఆసుపత్రికి వెళ్ళడం ఆలస్యం చేయవద్దు. ఆ చేదుకు కొందరికి వాంతులు కూడా పెరుగుతాయి.

ఇప్పుడు నిజమైన పర్హేజ్ చెబుతాను. వేపుళ్ళు, మిర్చి బజ్జీలు, బిర్యానీ, నిహారీ ఒక వారం ఆగవచ్చు. నూనె, నెయ్యి ఎక్కువైతే కడుపు త్వరగా ఖాళీ కాదు, వికారం తిరగబెడుతుంది. కూల్‌డ్రింకులు వద్దు. ఆ తీపికి విరేచనాలు ఎక్కువవుతాయి. బజారులో కోసిపెట్టిన పండ్లు, ఐసు వేసిన రసాలు వద్దు. జ్వరం పోతూ ఉండగా టైఫాయిడో, కామెర్లో తెచ్చుకోవడం ఎందుకు? భోజనానికి ముందు టీ వద్దు, అది ఆకలిని చంపుతుంది. కరోనా రోజుల్లో ఘాటు కషాయాలు అదేపనిగా తాగి కడుపుమంట తెచ్చుకున్నవారు ఉన్నారు. మితం ముఖ్యం. సారా, బీడీ, సిగరెట్టు సంగతి చెప్పనవసరమే లేదు. డెంగీ అనుమానం ఉంటే ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్ళలు ముట్టరాదు. రక్తస్రావం అవుతుంది. పారాసిటమాల్ మాత్రమే, అదీ డాక్టరు చెప్పిన మోతాదులో. బీట్‌రూట్, ఎర్ర షర్బత్తుల వంటి ముదురు రంగువి ఆ నాలుగు రోజులూ ఆపడం మంచిది. వాంతిలో రంగు కనబడితే అది రక్తమో, షర్బత్తో తెలియదు.

ముఖ్యమైన మాట ఒకటి. డెంగీలో జ్వరం దిగిన రోజే గండం. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం తగ్గగానే "బాగైపోయింది" అని పండుగ చేసుకోకండి. ఆ తర్వాతి 48 గంటలు కనిపెట్టుకుని ఉండాలి. విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలో రక్తం, నల్లని విరేచనం, ఒళ్ళు చల్లబడడం, మూత్రం తగ్గడం, మనిషి మగతగానో అశాంతిగానో ఉండడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వంటగది వదిలి ఆసుపత్రికి పరుగెత్తాలి.

చక్కెర జబ్బు ఉన్నవారు జ్వరమని మందు తమంతట తాము మానరాదు, గ్లూకోజ్ పొడి కలుపుకోరాదు. పాలు తాగే బిడ్డకు జ్వరమొచ్చినా, తల్లికి జ్వరమొచ్చినా తల్లిపాలు ఆపవద్దు. చిన్నపిల్లలకు జ్వరం తగ్గాక రెండు వారాలు రోజుకొక పూట అదనంగా పెట్టాలి. రమజాన్ నెలలో జ్వరమొస్తే రోగికి మినహాయింపు ఉన్నది. ఒళ్ళు బాగయ్యాక ఆ రోజాలు పూర్తి చేసుకోవచ్చు.

చివరగా, సోదరులారా, ఇంట్లో అబ్బాయికి జ్వరమొస్తే అమ్మ జావ కాస్తుంది. అబ్బాజాన్‌కు వస్తే షోర్వా కాస్తుంది. అమ్మకే జ్వరమొస్తే ఎవరు కాస్తారు? ఆమె లేచి అందరికీ వండి, మిగిలింది తిని పడుకుంటుంది. మన వాడల్లో అందరికన్న ఆలస్యంగా కోలుకునేది ఆమే. కారణం పెద్ద వైద్య రహస్యం కాదు, ఆమెకు గిజా అందలేదు. గంజి కాయడం, పెసరపప్పు ఖిచిడీ పెట్టడం, గుడ్డు ఉడకబెట్టడం, ఈ మూడూ నేర్వని మగవాడు ఉండకూడదు. మా తరగతి పిల్లలకు ఇదే చెబుతున్నాను. ఇరుగుపొరుగువారు చూడబోయేటప్పుడు ఆపిల్ పండ్ల సంచీకి బదులు ఆ ఇంటిల్లిపాదికీ ఒక పూట భోజనం, రోగికి వేరుగా ఖిచిడీ పంపితే ఆమెకు ఆ పూట విశ్రాంతి దొరుకుతుంది. సంఘం తరఫున వాడకు నలుగురు చొప్పున ఈ బాధ్యత తీసుకోవాలని పెద్దలను కోరుతున్నాను. దీనికి చందా పుస్తకం అక్కరలేదు, ఒక టిఫిను క్యారియరు చాలు.