సుడుల లెక్క తేల్చిన స్పాల్డింగ్

అగరొత్తి వెలిగించి ఒక్క క్షణం చూడండి. పొగ కాసేపు నిటారుగా లేస్తుంది. ఉన్నట్టుండి మెలికలు తిరిగి, సుడులుగా చెదిరిపోతుంది. ఆ చెదరడమే టర్బులెన్స్. మన పుస్తకాల్లో సంక్షుభిత ప్రవాహం అంటారు.

ఇంజనులోనో కొలిమిలోనో ఇలాంటి సుడులు లెక్కలేనన్ని. ఒక్కోదాన్నీ లెక్కగట్టబోతే కంప్యూటరు కూడా చేతులెత్తేస్తుంది. మరి ఇంజనీర్లు ఏం చేయాలి?

లండన్ ఇంపీరియల్ కాలేజీలో బ్రయన్ స్పాల్డింగ్ ఒక దారి చూపారు. తోడుగా బ్రయన్ లాండర్. అవునండీ, ఇద్దరూ బ్రయన్లే! ప్రతి సుడి వెంటా పడొద్దు, రెండు సంగతులు పట్టుకోండి అన్నారు. సుడుల్లో శక్తి ఎంతుంది? అది ఎంత త్వరగా వేడిగా మారిపోతోంది? ఈ రెండే. ఈ పద్ధతినే కె-ఎప్సిలాన్ నమూనా అంటారు.

ఆలోచన పూర్తిగా వాళ్లదే కాదు. రష్యాలో గణితవేత్త కొల్మొగొరోవ్ ముందే బీజం వేశారు. దాన్ని మామూలు ఇంజనీరు వాడుకునేలా మలచింది మాత్రం వీళ్లు. 1974లో వచ్చిన వాళ్ల పరిశోధన పత్రం ఎందరికో దారి చూపింది.

లోపం లేదా? ఉంది. గిరగిరా తిరిగే ప్రవాహాల్లో ఈ లెక్క తడబడుతుంది. స్పాల్డింగ్ 2016లో కన్నుమూశారు. అయినా, గదిలో గాలి ఎటు పోతుందో చూడాలన్నా, చాలామంది ఇంజనీర్లు ఇవాళ్టికీ ముందు వేసేది ఆ రెండు లెక్కలే.