అరుగు లేని ఇల్లు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



నేడు ఇల్లు కట్టదలచినవారు మొదట లెక్కించునది గదులను. పూర్వులు మొదట విచారించినవి వేరు: వాననీరు ఎటు పోవలెను, గాలి ఎటు రావలెను, వచ్చినవాడు ఎచ్చట కూర్చుండవలెను. ఈ మూడవ ప్రశ్నను గూర్చియే నేటి ప్రసంగము. అయినను మొదటి రెండింటిని దాటి దానిని చేరుట సాధ్యము కాదు.

కృష్ణా గోదావరీ మండలములలోని మండువా లోగిలిని ఎరుగనివారు ఈ సభలో పెద్దలయందు లేరు. నాలుగు వైపుల వసారాలు, నడుమ ఆకాశము. నాలుగు చూరులును లోపలికే వాలియుండును. వాన కురిసినచో ఆ నీరు ఇంటి నడుమనే పడి, తూము వెంట వీథి కాలువను చేరును. వానను బయటికి నెట్టుటకు గదా ఇల్లు కట్టుకొనుట! ఈ ఇల్లు మాత్రము వానను లోపలికి పిలిచినది. చూరు క్రింద ఇత్తడి గంగాళములు వరుసగా నుంచి ఆ నీటిని పట్టుకొనెడివారు. బావినీరు ఉప్పనైన ఊళ్లలో వాననీట పప్పు త్వరగా ఉడుకునని వంటయింటివారికి అనుభవమే. వీథిలోనికి విరివిగా రాజాలని స్త్రీలకు ఆ మండువాలో కనిపించెడి నాలుగు చెరగుల ఆకాశమే ఆకాశము. ఇది ఆ ఇంటి గుణమో, ఆ కాలపు దోషమో, రెండును కలవో వినువారే తలపోసికొందురు గాక.

ఇట్టి నాలుగు శాలల ఇంటిని వరాహమిహిరుడు ఆరవ శతాబ్దమునందే బృహత్సంహితలో వర్ణించెను. సర్వతోభద్రము, నంద్యావర్తము, వర్ధమానము, స్వస్తికము, రుచకము అని వానికి పేర్లు. ఈ పేర్లలో విశేషమొకటి కలదు. అవి గదుల సంఖ్యను బట్టి వచ్చినవి కావు. ద్వారములును, అలిందములును ఏ తీరున అమరినవో దానిని బట్టి వచ్చినవి. అలిందమనగా వాకిటి వెలుపలి తావని అమరకోశము చెప్పుచున్నది. మన మాటలో అరుగు, వసారా. ఇంటివాడు లోపల ఎంత దాచుకొన్నను ఆ ఇంటికి పేరు వెలుపలి తిన్నెను బట్టి నిలిచినది!

అరుగు ఇంటివాని స్థలమే. అయినను దానిమీద తలుపు లేదు. బాటసారి మూట దించుకొని నిద్రించినది అచ్చటనే. వీథిబడి పంతులుగారు ఇసుకలో అక్షరములు దిద్దించినది అచ్చటనే. ధాన్యపు లెక్కలు, పెండ్లి మాటలు, పురాణ కాలక్షేపము, పేకాట, తగవు, తగవు తీర్పు అన్నియు అచ్చటనే.

అయితే అరుగును పొగడి ఊరకుండుట సత్యమునకు దూరము. ఆ అరుగు ఎక్కరానివారు ప్రతి ఊరిలోను ఉండిరి. వారు ఎండలో నిలుచుండియే తమ కూలి లెక్క విని పోవలసివచ్చెడిది. బాటసారి కులమడిగిన పిదపనే చోటు చూపిన అరుగులును కలవు. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 17వ అధికరణమున అంటరానితనమును రద్దు చేసినది. అరుగులు అందరివి కావలసిన ఆ కాలము తరువాతనే అవి ఒక్కొక్కటిగా మాయమగుట విచిత్రము. వీథి వెడల్పు కొరకు కొన్ని పోయినవి, వాహనము నిలుపు చోటునకు కొన్ని పోయినవి. మిగిలినవానికి ఇనుప కటకటాలు వచ్చినవి.

సిమెంటు కప్పు వేసికొన్నవారిని నిందించుట న్యాయము కాదు. పెంకుటింటి సుఖమును వర్ణించువారు పెంకు తిరుగవేయించిన ఖర్చును చెప్పరు. కోతి దుమికిన, చెదలు పట్టిన, తొలకరి వానకు మంచము నాలుగు మూలలకు జరుపుకొన్న ఇల్లాలిని అడిగినచో తెలియును. వేసవి రాత్రి ఆ కప్పు పగటి వేడిమిని తలమీద గ్రుమ్మరించునన్నది నిజమే. తుపాను రాత్రి దానిక్రింద పిల్లలు నిద్రించుటయు నిజమే.

ఇక రామాయణమునందలి ఘట్టమొకటి. అరణ్యకాండమున పంచవటికి చేరిన పిమ్మట రాముడు, ఆశ్రమమునకు తగిన తావు చూడుమని లక్ష్మణుని కోరెను. కట్టబోవువాడు లక్ష్మణుడే. అయినను అతడు తావు నెన్నుకొనలేదు. నూరేండ్లైనను నీ యధీనుడనే, నీకు నచ్చిన చోట నీవే నిర్మింపుమని చెప్పుమనెను. రాముడు గోదావరి దరిని సమతలమును చూపెను. అప్పుడు లక్ష్మణుడు మన్ను చదును చేసి, గట్టి స్తంభములు నిలిపి, పొడవైన వెదుళ్లు వేసి, జమ్మికొమ్మలు పరచి, కుశలు, రెల్లు కప్పి పర్ణశాల కట్టెను. దానిని చూచి రాముడు తమ్ముని కౌగిలించుకొని, ఇట్టివాడుండగా తండ్రి గతించినట్లు లేదనెను. రాజభవనములను వర్ణించిన కవి ఈ గడ్డియింటికి ఇంత చోటిచ్చినాడు. ఉండువాడు చూపెను, కట్టువాడు వినెను.

ఈ గ్రంథాలయమునకు ముందు వసారా కలదు. దానికి కటకటాలు బిగించి తాళము వేయవలెనను మాట కార్యవర్గమున వచ్చియున్నది. కుర్చీలు పోవునను భయము అసత్యము కాదు. కాని సాయంకాలము పొలమునుండి వచ్చి, కాళ్లకు మన్నున్నదని లోపలికి రాక, మెట్టుమీదనే కూర్చుండి పత్రిక చదివించుకొని వినువారు కొందరున్నారు. తాతముత్తాతల నాడు ఏ అరుగును ఎక్కనియని కుటుంబములవారును వారిలో కలరు. చందాదారుల పట్టికలో వారి పేర్లు లేవు. తీర్మానమునకు ముందు ఒక సాయంకాలము కార్యవర్గమువారు ఆ మెట్టు వద్దకు వచ్చి వారిని అడుగుదురు గాక.