రికార్డు యంత్రమును పదిలపరచుట
(సమాజ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కేంద్ర ప్రభుత్వ కొలువు తెలుగువారిని ఊరూర త్రిప్పుచుండును. బదిలీ ఉత్తరువు వచ్చినప్పుడెల్ల సామానులో కొంత అమ్ముడుపోవును, కొంత పంచిపెట్టబడును. ఐనను పెక్కు గృహములలో ఒక పెట్టె మాత్రము విజయవాడ నుండియో, రాజమహేంద్రవరము నుండియో, హైదరాబాదు నుండియో బయలుదేరి ఢిల్లీ వరకును వచ్చినది. అందు టంగుటూరి సూర్యకుమారి గీతములు, 1957 నాటి ‘మాయాబజారు’ పాటలు, 1974లో కీర్తిశేషుడైన ఘంటసాల గానము చేసిన భగవద్గీత మున్నగు రికార్డులు కలవు. రామకృష్ణపురములోను, లోడీ కాలనీలోను పెరిగిన పిల్లలకు లకార ళకారముల భేదమును, పద్యమును విరిచి చదువు తీరును మొదట వినిపించినవి కొన్ని ఇండ్ల యందు ఈ రికార్డులే.

ఇటీవల వీనిపై మరల ఆదరము పెరిగినది. అటుకులపై నుండి పెట్టెలు దిగుచున్నవి. క్రొత్త యంత్రములు ఇండ్లకు వచ్చుచున్నవి. వానిలో హెచ్చు భాగము బెల్టుతో తిరుగునవే. అయితే ఒక్క విషయము మరువరాదు. చక్కగా అమర్చిన యంత్రముపై రికార్డు పలుమారులు మ్రోగినను అరుగుదల స్వల్పము. అమరిక తప్పిన యంత్రముపై కొలది సారులు మ్రోగినను గాడి చెడును. చెడిన గాడి మరల పూడదు. ఆ రికార్డు దొరకనిదైనచో అందలి గళము ఆ ఇంటికి శాశ్వతముగా దూరమగును.

1948లో అమెరికాలోని కొలంబియా సంస్థ నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగు లాంగ్ ప్లే రికార్డును వెలువరించెను. దీని గాడి పూర్వపు 78 చుట్ల రికార్డు గాడికంటె మిక్కిలి సన్నము. కావున మోటారు కంపము సూదికి సోకినచో పాటతోపాటు గురగుర శబ్దము కూడ వినవచ్చును. పూర్వపు యంత్రములు పెక్కింటిలో ఒక రబ్బరు చక్రము మోటారును, పళ్లెమును ఒరసికొనుచు తిరిగెడిది. కంపము ఆ దారినే పళ్లెమునకు చేరెడిది. బెల్టు యంత్రములో సాగు గుణముగల రబ్బరు బెల్టు కంపమును చాలవరకు తనలో అణచుకొని పళ్లెమునకు చలనమును అందించును. 1961లో ఎడ్గర్ విల్చర్ రూపొందించిన ఏ.ఆర్. యంత్రము ఈ పద్ధతికి గృహములలో వ్యాప్తి కలిగించినది.

మొదట పరీక్షింపవలసినది వేగము. పళ్లెపు అంచున చిన్న కాగితపు ముక్కను గుర్తుగా అంటించి, రికార్డు మ్రోగుచుండగా గడియారము చూచి మూడు నిమిషములు లెక్కింపవలెను. సరిగా నూరు చుట్లు రావలెను. ఇంకను సూక్ష్మముగా చూడగోరువారికి గీతలు గల కాగితపు పలక యున్నది. 50 సైకిళ్ల విద్యుత్తుతో వెలుగు నియాన్ దీపము క్రింద 33⅓ వేగమునకు చేసిన 180 గీతలు కదలక నిలిచినట్లు కనబడినచో వేగము సరియైనదని అర్థము. ఎల్.ఇ.డి. దీపములు పెక్కు ఈ పరీక్షకు పనికిరావు.

ఢిల్లీ ఉద్యోగుల ఇండ్లలో ఇచట ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. విదేశపు కొలువు ముగించుకొని అమెరికా నుండి యంత్రమును తెచ్చుకొన్నవారు వోల్టేజిని తగ్గించు ట్రాన్స్‌ఫార్మరును అమర్చి పని ముగిసినదని తలంతురు. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని మార్చునే కాని సైకిళ్లను మార్చదు. అమెరికాలో విద్యుత్తు 60 సైకిళ్లు, ఇచట 50. సైకిళ్లను అనుసరించి తిరుగు సింక్రనస్ మోటారు గల యంత్రము ఇచట ఆరింట ఐదు వంతుల వేగముతోనే తిరుగును. మూడు నిమిషములకు 83 చుట్లు మాత్రమే వచ్చును. మూడు నిమిషముల పాట మూడు నిమిషముల ముప్పదియారు సెకండ్లు సాగును. ఐదు శ్రుతిలో పాడిన గాయని ఇంచుమించు మూడు శ్రుతిలో వినబడును. దానినే విని నేర్చిన బిడ్డ ఆ గళమును ఎన్నడును విననట్లే. తయారీదారు 50 సైకిళ్లకు చేసిన పుల్లీని బిగించుట దీనికి మందు. డీసీ మోటారు గల యంత్రములకు ఈ బాధ లేదు. వానిలో కొన్నింటికి వేగమును సవరించు మరలు కూడ నుండును.

రెండవది మట్టము. పళ్లెముపై రసమట్టము నుంచి, రెండు దిక్కుల చూచి, కాళ్లను సవరింపవలెను. యంత్రమును, స్పీకర్లను ఒకే బల్లపై ఉంచరాదు. గోడకు గట్టిగా బిగించిన పలక శ్రేష్ఠము.

మూడవది సూది భారము. సూదిని మోయు చేయి త్రాసుకోలవలె సమముగా తేలు వరకు వెనుకనున్న బరువును త్రిప్పి, అంకెల చక్రమును సున్నకు తెచ్చి, పిదప కార్ట్రిడ్జి తయారీదారు చెప్పిన భారమును పెట్టవలెను. సాధారణముగా అది ఒకటిన్నర మొదలు రెండు గ్రాముల వరకు నుండును. భారము తగ్గినకొలది రికార్డునకు మేలని కొందరు భ్రమపడుదురు. అది నిజము కాదు. తేలికైన సూది గట్టి స్వరము వచ్చినప్పుడు గాడి గోడలను విడిచి ఎగిరిపడి వానిని గాయపరచును. చేయి లోపలికి లాగబడకుండ చేయు యాంటీస్కేటింగు మీటను కూడ అదే అంకెకు అమర్చుట వాడుక. కార్ట్రిడ్జి వంకర లేకుండుటకు, కేంద్రము నుండి సుమారు 66, 121 మిల్లీమీటర్ల దూరమున గుర్తులు గల కాగితపు పటముతో సరిచూచుట మంచిది.

వజ్రపు సూదియు అరుగును. తయారీదారులు సాధారణముగా 500 మొదలు 1000 గంటల ఆయువు చెప్పుదురు. ఇరువదియైదు నిమిషముల ప్రక్కలు 1200 మ్రోగించిన 500 గంటలగును. దినమునకు ఒక ప్రక్క వినువారికి అది మూడేండ్ల పైచిలుకు. వాడిన సూదితో పాత యంత్రమును కొన్నవారు మొదట సూదిని మార్చి, పిదపనే ప్రియమైన రికార్డును ముట్టవలెను.

ఇక ఢిల్లీ వాతావరణము. వేసవిలో ఆంధీ తలుపు సందులలోనుండి సన్నని ఇసుకను తెచ్చును. అది గాడిలో నిలిచి సూది క్రింద ఆకురాయివలె పనిచేయును. ప్రతిసారియు మ్రోగించుటకు ముందు మెత్తని బ్రష్షుతో రికార్డును తుడువవలెను. సూదిని వెనుకనుండి ముందునకే తుడువవలెను. ఎండ తగులు కిటికీ చెంతను, మూసిన కారులోను ఉంచిన రికార్డు వంగిపోవును. వర్షాకాలపు తేమకు బూజు పట్టును. రికార్డులను పరుండబెట్టక నిలువుగా పేర్చవలెను.

బెల్టుకు శత్రువులు నూనె, ఉష్ణము, చేతి జిడ్డు. పళ్లెపు అంచును, పుల్లీని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపిన గుడ్డతో తుడిచి ఆరనిచ్చి, మెలిక పడకుండ బెల్టును తగిలింపవలెను. సెలవుపై స్వస్థలమునకు చాలదినములు పోవునప్పుడు బెల్టును విప్పి ఉంచినచో వంపు పడదు. గట్టిపడిన, పగిలిన, సాగిపోయిన బెల్టును మార్చుటయే మార్గము. ఇరుసునకు తయారీదారు చెప్పిన నూనె, చెప్పినన్ని చుక్కలే వేయవలెను.

78 చుట్ల రికార్డులు లక్కతో చేసినవి. వానిని ఆల్కహాలుతో తుడిచిన చెడిపోవును. వాని గాడి వెడల్పైనది కావున వేరు సూది కావలెను. మూడు వేగములు గల యంత్రము కొన్నంతమాత్రమున ఒకే సూదితో అన్నిటిని మ్రోగింపరాదు.

రికార్డులను కంప్యూటరునకు ఎక్కించి దాచుకొనుట ఉత్తమమైన పని. కాని యంత్రపు లోపములన్నియు ఆ ప్రతిలోనికి వచ్చును. కావున అమరిక ముందు, ప్రతి తీయుట తరువాత. రసమట్టము, సూది భారమును తూచు చిన్న త్రాసు, అమరిక పటము, గీతల పలక అను నాలుగు వస్తువులను ఇంటింట కొననక్కరలేదు. సమాజము ఒక్కొక్కటి కొని ఉంచి, సభ్యుల ఇండ్లకు వంతుల వారీగా పంపినచో చాలును. ఆదివారము నాడు ఒక గంట వెచ్చించినచో ఒక యంత్రము కుదురుపడును. ఒక పెట్టెడు తెలుగు గళములు రాబోవు తరమునకు దక్కును.