వంటలక్కకు కార్చిన కన్నీళ్లు
(నాందేడ్ తెలుగు క్రైస్తవుల కూడికలో చేసిన ప్రసంగం)



స్టార్ మాలో 2017 నుంచి 2023 జనవరి వరకు వచ్చిన ‘కార్తీకదీపం’ సీరియల్ మీలో చాలామంది చూసే ఉంటారు. నల్లపిల్ల అని చిన్నచూపు ఎదుర్కొని, భర్త అనుమానిస్తే వంటలు చేసుకుంటూ బిడ్డను పెంచిన దీప కోసం ఎన్ని ఇళ్లలో కళ్లు చెమర్చాయో! రంగు పేరున, కులం పేరున మాటలు పడ్డ మన ఆడబిడ్డలు ఆమెలో తమను చూసుకున్నారు. ఆ కన్నీళ్లను నేను తప్పుపట్టను.

సీరియల్ ముగిసిన ఏడాదే, సెప్టెంబరు 30, అక్టోబరు 1 తేదీల మధ్య ఇరవై నాలుగు గంటల్లో, మన నాందేడ్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో 24 మంది చనిపోయారు. వారిలో 12 మంది పసికందులు. వార్త దేశమంతా తెలిసింది. ఆ తల్లుల్లో ఒక్కరి పేరైనా మనకు తెలుసా?

మన గుండె రాయి అని కాదు. దీప రోజూ అదే వేళకు మన ఇంటికి వచ్చింది. ఆమె అత్త తెలుసు, బిడ్డ తెలుసు. వార్తల్లో వచ్చింది ఒక అంకె. అంకెను చూసి ఏడవడం ఎవరికీ చేతకాదు.

రెండు రోజులకు ఒక పార్లమెంటు సభ్యుడు ఆ ఆసుపత్రి డీన్ చేత మరుగుదొడ్డి కడిగించాడు. గిరిజనుడైన ఆ డీన్ ఫిర్యాదుతో అట్రాసిటీ కేసు నమోదైంది. టీవీలు ఆ వీడియోను మళ్లీ మళ్లీ చూపించాయి. అందులో కోపం ఉంది, అవమానం ఉంది, అంటే నాటకం ఉంది. మందులు బయట కొన్నామని బంధువులు చెప్పిన మాటలో, సిబ్బంది చాలకపోవడంలో నాటకం లేదు. అందుకే అవి వెనక్కి పోయాయి.

బైబిల్లో దావీదును చూడండి. ఊరియా యుద్ధంలో చనిపోయాడని దూత వార్త తెస్తే, యుద్ధమంటే ఇంతే అన్నట్టు మాట్లాడాడు. నాతాను ప్రవక్త వచ్చి, పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను ధనవంతుడు లాక్కున్న కథ చెబితే మండిపడ్డాడు. వార్తకు కదలని మనిషి కథకు కదిలాడు. అయితే నాతాను అక్కడ ఆగలేదు. ఆ మనిషివి నీవేనని వేలెత్తి చూపించాడు. మన సీరియళ్లలో లేనిది ఆ వేలే.

దీప కష్టాన్ని మనం ఆపలేం. అది రచయిత చేతిలో ఉంది. కాబట్టి ఆ కన్నీళ్లు మనల్ని ఏమీ అడగవు, ఏడ్చి హాయిగా నిద్రపోతాం. వార్తలోని తల్లికి మాత్రం మనం ఏదో ఒకటి చేయగలం. అది తెలుసు కనుకే ఛానెల్ మారుస్తాం.

ఆ మరణాలను అక్టోబరు 4న బొంబాయి హైకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుంది. కోర్టు పని కోర్టుది, మన పని మనది. ధర్మాబాద్, బిలోలి పల్లెల నుంచి వచ్చే పేదలకు మరాఠీలో అడగడం రాకపోవచ్చు. వారానికి ఇద్దరం వెళ్లి పక్కన నిలబడదాం. ఏ మందు బయట తెమ్మన్నారో రాసుకుందాం. నెలకొకసారి ఆ కాగితం పట్టుకుని అధికారిని కలుద్దాం, సమాచార హక్కు కింద అడుగుదాం. ముందు ఆ తల్లి పేరు అడుగుదాం.

పేరు తెలిశాక ఆమె ఇక అంకె కాదు. దేవుడు మనకు అలాంటి చెవిని, అలాంటి చేతిని దయచేయును గాక. ఆమేన్.