ఉన్న ఊరు, మన ఊరు

(ఆలయ వార్షికోత్సవ యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉన్న ఊరిని కన్నతల్లితో జతచేసి చెప్పడం మన భాషకు అలవాటు. మీ ఊరేదని మీ తల్లిదండ్రులను అడిగితే తెనాలి అనో, వరంగల్లు అనో, రాజమండ్రి అనో అంటారు. ఇక్కడ ముప్పై ఏళ్లు గడిపినవారి సమాధానమూ అదే. మీకు ఆ సమాధానం సరిపోదు. మీరు పుట్టి పెరిగినది ఫాక్స్ నది ఒడ్డున ఉన్న ఈ పట్టణాలలోనే. అందుచేత నేను నివసించే బటేవియాను గురించి నేడు నాలుగు మాటలు చెప్పదలచాను.

ఇల్లినాయ్ రాష్ట్రంలో ఆరోరాకు ఉత్తరాన, షికాగోకు పడమట ఉన్న చిన్న నగరమది. 2020 జనగణన ప్రకారం జనాభా సుమారు 26 వేలు. ఒకప్పుడు ఈ నేల పొటావటోమీ ప్రజలది. 1833లో షికాగో ఒడంబడికతో వారు ఈ ప్రాంతాన్ని వదులుకోవలసివచ్చింది. ఆ ఏడే క్రిస్టొఫర్ పేన్ కుటుంబం ఇక్కడ తొలి వలస కుటుంబంగా స్థిరపడింది. ఊరికి కీర్తి తెచ్చినవి సున్నపురాయి క్వారీలు, గాలిమరలు. కనెక్టికట్‌లో డేనియల్ హాలడే 1854లో పేటెంట్ పొందిన గాలిమర, గాలి వాలును బట్టి తనంతట తానే తిరిగేది. గాలి ఉధృతమైతే తన వేగాన్ని తానే తగ్గించుకొనేది. ఆ పరిశ్రమ 1863లో బటేవియాకు చేరింది. పశ్చిమాన పొలాలకు, పశువులకు, రైలింజన్లకు నీరు తోడిన మరలెన్నో ఇక్కడి కర్మాగారాలలో తయారయ్యాయి. పల్లెలకు విద్యుత్తు వచ్చాక వాటి అవసరం తీరింది; కర్మాగారాలు మూతపడ్డాయి.

చాలా ఊళ్ల కథ ఇంతటితో ముగుస్తుంది. బటేవియా కథ ముగియలేదు. దూరప్రాంతాల పొలాలలో తుప్పుపట్టిన పాత గాలిమరలను ఊరివారు వెదికి తెచ్చి, బాగుచేసి, నది ఒడ్డున నిలబెట్టారు. పాడుబడిన క్వారీని ఈతకొలనుగా మలచుకున్నారు. 1854 నాటి రైల్వే డిపోను కూలిపోనివ్వక మరోచోటికి తరలించి మ్యూజియంగా మార్చుకున్నారు. ఊరి తూర్పున ఉన్న ఫెర్మీల్యాబ్‌ను తీసుకోండి. పదార్థపు అంతర్నిర్మాణాన్ని శోధించే ఆ ప్రయోగశాలలోనే 1995లో టాప్ క్వార్క్ కనుగొన్నారు. ఆ ప్రాంగణంలోనే 1975 నుండి ప్రాచీన ప్రెయిరీ పచ్చిక బయళ్లను తిరిగి పెంచుతున్నారు. దానికి కావలసిన విత్తనాలను సేకరించడానికి సామాన్య పౌరులు చేతిసంచులతో వస్తారు. ఈ ఊరి శోభ అందరికీ కనిపిస్తుంది. దాని వెనుక ఉన్న జీతం లేని శ్రమ కనిపించదు.

వైద్యురాలిగా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే కట్టడం మరొకటుంది. బెల్‌వ్యూ ప్లేస్ అనే ఆ భవనం ఒకనాడు మానసిక రోగులైన స్త్రీల వైద్యశాల. అధ్యక్షుడు లింకన్ భార్య మేరీ టాడ్ లింకన్‌ను, కుమారుడి అభ్యర్థనపై న్యాయస్థానం మతిస్థిమితం లేనిదిగా ప్రకటించి, 1875 మే నెలలో అక్కడికి పంపింది. ఆమెకు అండగా నిలిచినది మైరా బ్రాడ్‌వెల్. న్యాయవాద పరీక్షలో ఉత్తీర్ణురాలైనా, స్త్రీ అయినందున ఆమెకు వృత్తి చేసే అనుమతి దక్కలేదు. 1873లో సుప్రీంకోర్టు సైతం ఆ నిరాకరణనే సమర్థించింది. అయినా ఆమె తన కలంతో, పలుకుబడితో పోరాడింది. నాలుగు నెలలు తిరగకముందే మేరీ లింకన్ సోదరి ఇంటికి చేరింది. మరుసటి ఏడు న్యాయస్థానమే ఆమెను స్వస్థురాలని ప్రకటించింది. నాలుగు గోడల నడుమ ఉన్న మనిషి గోడు బయటికి వినిపించాలంటే, ఆమె సంగతి పట్టించుకొనే మనిషి ఒకరు బయట ఉండాలి.

నేటి మన ఇళ్లలోని పెద్దలను ఎవరూ నిర్బంధించలేదు. అయినా కారు నడపలేని తాతయ్యకు, ఆంగ్లంలో మాటలు సాగని అమ్మమ్మకు గారేజీ తలుపు దాటితే లోకం లేదు. బిడ్డలు ఉద్యోగాలకు, మనుమలు బడులకు వెళ్లాక రోజంతా ఎవరితో మాట్లాడతారని అడిగితే, నా వద్దకు వచ్చే పెద్దలు తరచు టీవీ వైపే చేయి చూపుతారు. ఒంటరితనం గుండెజబ్బు, పక్షవాతం, మతిమరుపు ముప్పును పెంచుతుందని అమెరికా సర్జన్ జనరల్ 2023లో దేశాన్ని హెచ్చరించారు. దీనికి మందుల చీటీ లేదు. నడవడానికి ఒక బాట, కూర్చోవడానికి ఒక బల్ల, పేరుపెట్టి పలకరించే నలుగురు మనుషులు కావాలి. చిన్న ఊళ్లలో ఇవన్నీ ఇప్పటికే ఉన్నాయి. వాటి దగ్గరికి పెద్దలను తీసుకువెళ్లే చేయి మాత్రమే కొరవడింది.

ఆ చేయి మీది కావాలి. మీ తల్లిదండ్రుల తరం చెమటోడ్చి ఈ ఆలయాన్ని నిలబెట్టింది. కొత్త దేశంలో దేవుడికి ఇల్లు కట్టడం వారి వంతు. ఆ దేవుడి ఇంటిని, ఇరుగుపొరుగును ఒకే ఊరుగా చేయడం మీ వంతు. వారానికి ఒక సాయంత్రం అమ్మమ్మను నది ఒడ్డుకు నడిపించండి. గాలిమరల కథ తెలుగులో చెప్పండి. ఏతం తొక్కిన కథ ఆమె మీకు చెబుతుంది. మ్యూజియంలో సేవకులుగా చేరండి. శరదృతువులో విత్తనాల సేకరణకు వెళ్లండి. ఓటు వయసు వచ్చినవారు లైబ్రరీ బోర్డుకు, పార్కు బోర్డుకు జరిగే ఎన్నికలను పట్టించుకోండి. రేపు మీరే పోటీకి నిలబడండి. బస్సు ఎక్కడ ఆగాలో, బల్ల ఎక్కడ వేయాలో నిర్ణయించేది అటువంటి చిన్న సభలే. ఆ గదులలో మనవారు లేకపోతే మన పెద్దల అవసరం ఎవరికి తెలుస్తుంది?

ఇల్లు కొన్నంత మాత్రాన ఊరు మనది కాదు. దాని బాగోగులు తలకెత్తుకున్న నాడే మనదవుతుంది. మీ పిల్లలను ఎవరైనా మీ ఊరేదని అడిగిననాడు, వారు తడుముకోకుండా సమాధానం చెప్పగలగాలని ఆ స్వామిని ప్రార్థిస్తూ సెలవు తీసుకుంటున్నాను.

స్వస్తి.