యూరియా చల్లాక పచ్చిక ఎందుకు మాడుతుంది?

ఇంటి ముందు పచ్చిక ఏపుగా ఎదగాలని యూరియా చల్లితే, నాలుగు రోజులకే గోధుమరంగుకు తిరిగిందా? తెగులనుకుని వెంటనే మందు కొట్టకండి. ఎరువు పడినచోటే మచ్చలుగా, చారలుగా ఎండితే, అది ఎరువు ఎక్కువైన గుర్తు.

యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. మోతాదు మించితే వేరు చుట్టూ ఉన్న నీరు చిక్కబడుతుంది. మామిడి ముక్కకు ఉప్పు పట్టిస్తే నీరు ఊరినట్టే, వేరులోని తేమ బయటికి పోతుంది. విజయనగరం జిల్లాలో ఎక్కువగా కనిపించే ఎర్ర ఇసుక నేలలు తేమను ఎంతోసేపు నిలుపుకోవు. అందుకే ఎండాకాలంలో ఈ ముప్పు మరీ ఎక్కువ. తడి ఆకులకు అంటుకున్న గుళికలైతే ఆకునే కాల్చేస్తాయి.

ముందు, పైన కనిపించే గుళికలను ఏరేయండి. తర్వాత వేళ్లు బాగా తడిసేలా మూడు నాలుగు రోజులు నీరు పెట్టండి. అయితే నీరు నిలవనివ్వకండి. గడ్డి మొదలు ఇంకా పచ్చగా, గట్టిగా ఉంటే అది మళ్లీ చిగురిస్తుంది. మొదలు కూడా ఎండిపోతే ఆ గడ్డి తీసేసి, తొలకరి వానలకు కొత్త పిలకలు నాటండి.

ఇకమీదట సెంటు స్థలానికి ఒక విడతలో 400 గ్రాముల యూరియా మించనివ్వకండి. దాన్నీ రెండు భాగాలు చేసి, కొన్ని వారాల తేడాతో వేస్తే ఇంకా మేలు. ఆకులు పొడిగా ఉన్నప్పుడు, ఎండ తగ్గాక సమంగా చల్లి, వెంటనే తడిపెట్టండి. బాగా చివికిన గెత్తం వేస్తుంటే నేల తేమను పట్టి ఉంచుతుంది, యూరియా అవసరమూ తగ్గుతుంది.